నూకరత్నం గోటి ముక్క

అనగనగా సముద్రం పక్కన ఒక ఊరు, ఆ ఊరి చివర ఒక రొయ్యల షెడ్డు. ఆ షెడ్డులో రొయ్యలు ఒలిచే నూకరత్నం అని ఒకావిడ ఉండేది అమ్మలూ. ఎవర్నీ నమ్మేది కాదు. పాలవాడు పాలు పోస్తే వేలు ముంచి చూసేది. పక్కింటావిడ కూర ఇస్తే ముందు పిల్లికి పెట్టి, అది బతికిందో లేదో చూసి తినేది.

అన్నిటికన్నా ఎక్కువ భయం గోళ్ళ గురించి. గోటి ముక్క పరాయి చేతిలో పడితే చేతబడి చేస్తారని వాళ్ళమ్మ చిన్నప్పుడే చెవిలో పోసింది. అందుకని గోళ్ళు ఎక్కడ తీసుకున్నా, షెడ్డు గేటు దగ్గర తీసుకున్నా సరే, ముక్కలన్నీ ఏరి చెంగున కట్టుకుని ఇంటికి తెచ్చేది. పెరట్లో గొయ్యి తీసి పూడ్చేది. ప్రతిసారీ వేరే చోట.

అలాంటి మనిషికి ఒకరోజు కాలి బొటనవేలి గోరు పసుపు రంగుకి తిరిగింది. ఆ తర్వాత చింతగింజంత మందం ఎక్కింది. ఆ తర్వాత పాత గోడ సున్నంలా పొడిపొడిగా రాలడం మొదలెట్టింది.

నూకరత్నం ముందు కొత్త సబ్బుని అనుమానించింది. సబ్బు మార్చింది, గోరు మారలేదు. అప్పుడు అదే షెడ్డులో పనిచేసే తోడికోడలు పైడితల్లి మీదికి పోయింది చూపు. ఆ పిల్ల ఈమధ్య తన ముందు కాళ్ళు చీరలో దాచుకుని కూర్చుంటోంది. కళ్ళలోకి చూడటం లేదు. "పెరడు తవ్వింది ఇదే. నా గోటి ముక్క దీని దగ్గరే ఉంది" అనుకుంది నూకరత్నం. ఆ రోజు నుంచి మాట మానేసింది. పక్కపక్క ఇళ్ళు, ఒకటే గోడ. అయినా ఇటు మనిషి ఇటే, అటు మనిషి అటే.

కాలి గోరే అయితే దాచుకునేది పాపం. ఆ గోటిని చేత్తో గీకీ గీకీ చేతి బొటనవేలికి కూడా తెచ్చుకుంది. రొయ్య తల తుంచాలంటే ఆ గోరే కావాలి అమ్మలూ. ఆమె కూడు ఆ గోటి మీదే ఉంది. షెడ్డులో రోజూ పొద్దున్నే చేతులు చూసి లోపలికి పంపుతారు. గోరు బాగోకపోతే వెనక్కే.

మొదట గోరింటాకు పెట్టి దాచింది. అది వెలిసిపోయింది. తర్వాత చెయ్యి గబుక్కున చూపించి తీసేసింది. మూడోనాడు మేస్త్రి సూరిబాబు పట్టేశాడు.

"ఏంటమ్మా ఈ గోరు? ఇది బాగయ్యేదాకా నువ్వు రొయ్యని ముట్టుకోకూడదు. పో."

అప్పుడు వెళ్ళింది పెద్దాసుపత్రికి. డాక్టరమ్మ గోరు చూసి, "కొంచెం ముక్క తీసి పరీక్ష చెయ్యాలి" అని కాగితం పరిచింది.

నూకరత్నం చెయ్యి వెనక్కి లాక్కుంది. "నా గోరు నీకెందుకు? మందు రాసివ్వు చాలు."

"దెబ్బ తగిలినా గోరు ఇలాగే మందమెక్కుతుంది. వేరే చర్మరోగాలకీ ఎక్కుతుంది. నీ గోటికింద ఎవరు కాపురం పెట్టారో చూడకుండా మందెలా ఇవ్వను?"

"ఎవరో పెట్టారని నాకు ముందే తెలుసు!" అంది నూకరత్నం.

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. "సరే. నువ్వే తియ్యి. నువ్వే పట్టుకురా. నేను చూసినంతసేపూ పక్కనే నిలబడు."

నిలబడింది. రెప్ప వెయ్యలేదు. డాక్టరమ్మ గాజుపలక మీద ముక్క పెట్టి, మందు చుక్క వేసి, కాసేపు ఆగి, మైక్రోస్కోపు అద్దంలోంచి చూసి, తననీ చూడమంది. లోపల సన్నసన్నని పోగులు, కొమ్మలేసుకుని.

"ఇది బూజు. తడి తగిలిన పచ్చడి మీద పడుతుందే, అలాంటిదే. గోళ్ళకి ఇది వేరే జాతి. తడి, చెమట, గాలాడని చోటు దొరికితే చాలు. ఒకరి గోటి నుంచి ఇంకొకరి గోటికి ఎక్కుతుంది."

ఆ తర్వాత రక్తపరీక్ష చేయించింది, కాలేయం బాగుందో లేదో చూడకుండా ఈ మాత్రలు ఇవ్వకూడదని. చెప్పినన్నాళ్ళూ మింగమంది, మధ్యలో మానొద్దంది. "చేతి గోరు ఆరు నెలలకి కొత్తది వస్తుంది. కాలి గోటికి ఏడాది పైనే. తొందరపడి బ్లేడుతో చెక్కావో, ఊరుకోను."

మిగిలిన ముక్క అడిగి తీసుకునే కదిలింది నూకరత్నం.

దారంతా ఒకటే ఆలోచన. ఒకరి గోటి నుంచి ఇంకొకరి గోటికి. ఎవరి గోటి నుంచి?

మర్నాడు పొద్దున్నే షెడ్డు గేటు దగ్గరికి పోయి నిలబడింది. ఆడవాళ్ళు లోపలికి వెళ్తున్నారు. గేటుకి తాడుతో ఒక నెయిల్ కట్టరు వేలాడుతోంది. గోళ్ళు పొట్టిగా ఉండాలని మేస్త్రి పెట్టిన శుభ్రత! ఒకావిడ కత్తిరించుకుంది, తర్వాతావిడకి ఇచ్చింది. తుడిచిన పాపాన ఎవరూ పోలేదు. ఆ తర్వాత గంబూట్ల గుట్ట. నిన్నటి తడి ఆరని బూట్లు. ఎవరి కాలికి ఏది పడితే అది.

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ తన గోరు ఎవరి చేతిలోనూ పడకుండా కాపలా కాసిందే గానీ, అందరి గోళ్ళూ కత్తిరించిన దాన్ని తన వేలికి తానే పెట్టుకుంది!

వరసలో పైడితల్లి ఉంది. నూకరత్నం దాని చెయ్యి పట్టి పక్కకి లాగింది. "ఒసే, కాళ్ళు చూపించు."

పైడితల్లి ఏడుస్తూ చీర కుచ్చిళ్ళు ఎత్తింది. రెండు బొటనవేళ్ళూ పసుపే. "నువ్వే ఏదో చేయించావనుకున్నాను అక్కా. పెరట్లో ఏవేవో పూడుస్తూ ఉంటావు కదా! నేను కళ్ళారా చూశాను!"

నూకరత్నం అక్కడే అందరికీ వినపడేలా డాక్టరమ్మ చెప్పిన బూజు సంగతి చెప్పి, తాడుకి వేలాడే కట్టరు చూపించింది.

అప్పుడు గేటు దగ్గర ఒక్కొక్కరూ చెప్పులు విప్పి చూపించారు. తొమ్మిదిమంది తేలారు అమ్మలూ, అందరూ దాచుకున్నవాళ్ళే. ఆ పూట ఒక్క మనిషీ లోపలికి కదల్లేదు. లోపల రొయ్యల మీద ఐసు కరుగుతోంది. మేస్త్రి అరిచాడు, బెదిరించాడు, చివరికి బతిమాలాడు.

"నా గోరు చూసి నన్ను గెంటావే, నీ తాడుకి వేలాడే కట్టరు చూశావా?" అంది నూకరత్నం.

షెడ్డు యజమాని పరిగెత్తుకొచ్చాడు. వాళ్ళు అడిగినవి ఇవీ: మనిషికో కట్టరు, పేరు రాసిన బూట్లు రెండేసి జతలు, ఒకటి తొడిగితే ఒకటి ఎండలో. గోళ్ళు బాగయ్యేదాకా ఆ తొమ్మిదిమందికీ ట్రేలు ఎండబెట్టే పని, చేతులకి తొడుగులు. అన్నిటికీ అతను ఒప్పుకున్నాకే లోపలికి కదిలారు. ఊరికే ఎవడూ ఇవ్వడమ్మా, నిలబడితేనే.

ఆరు నెలలకి చేతి గోరు తేరుకుంది, నూకరత్నం మళ్ళీ రొయ్య పట్టింది. ఏడాది దాటాక కాలి గోటికి చివర కొంచెం పసుపు మిగిలింది. పెరటి గట్టు మీద కూర్చుని కత్తిరించింది. అలవాటు కొద్దీ గుప్పిట మూసి అటూ ఇటూ చూసింది. పిట్టగోడ అవతల పైడితల్లి కాళ్ళు కడుక్కుని, వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడుచుకుంటోంది.

నూకరత్నం ముక్కని కాగితంలో చుట్టింది. గోడ మీంచి అందించింది.

"ఇదిగో. నువ్వే పారెయ్యి."

పైడితల్లి ఆ పొట్లం వంక చూసింది, అక్క మొహం వంక చూసింది. "నా చేతికే ఇస్తున్నావా అక్కా?"

"నీ చేతికే. ఆనక సబ్బుతో కడుక్కో, మర్చిపోకు!"

కథేమో కంచికి,
తడి బూట్లు ఎండకి,
గోటి బూజు బయటికి,
తుడుచుకున్న కాళ్ళతో మనం పక్క మీదికి!