వన్నెలపట్నంలో ఒక పగలు

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి, నాకూ తెలీదు. కుంభగిరి అని ఒక రాజ్యం, దానికొక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయంధరుడు, రెండోవాడు వసంతుడు, మూడోవాడు కళాధరుడు. పెద్దవాడు మాట తప్పడు, రెండోవాడు భోజనం వేళ తప్పడు, మూడోవాడు నవ్వితే కోటగోడ అవతలికి వినబడుతుంది. అంత పెద్ద నవ్వు వాడిది.

ఒకనాడు పెద్దవాడు వేటకు వెళ్లి తిరిగి రాలేదు. కరాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడనీ, ఏడు సముద్రాల అవతల వన్నెలపట్నంలో బంధించాడనీ కబురొచ్చింది. రాజు మంచం పట్టాడు. రాణి మాత్రం ఏడవలేదు. రెండో కొడుకుని పిలిచి, "అన్నను తీసుకురా నాయనా" అంది. వాడు ఓడెక్కి మొదటి సముద్రం దాటాడు, రెండో సముద్రం దాటాడు, మూడో సముద్రంలో కడుపు తిప్పి వెనక్కి వచ్చేశాడు. అప్పుడు రాణి మూడో కొడుకుని పిలిచింది. "అన్నను తీసుకురా నాయనా" అంది. "తీసుకొస్తానమ్మా" అని కాళ్లకు దండం పెట్టి బయల్దేరాడు కళాధరుడు.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు వలలో చిక్కుకుని గింజుకుంటోంది. వల కోసి వదిలాడు. "నా వీపెక్కు నాయనా, అవతలికి దాటిస్తాను" అంది తాబేలు. ఎక్కాడు. ఉప్పు సముద్రం దాటారు, చెరుకు రసం సముద్రం దాటారు, కల్లు సముద్రం దాటారు. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ల సముద్రం కూడా దాటారు. వినడానికి నోరూరుతుంది గాని, ఎండకు నెయ్యి కాగి వాసనేస్తుంటే నెల రోజులు దాని మీద కూర్చుని చూడండి తెలుస్తుంది. మొత్తం ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ కళాధరుడికి కన్ను మూస్తే అన్న, కన్ను తెరిస్తే అన్న.

ఒకనాటి పొద్దున్నే తాబేలు ఒడ్డుకు చేరింది. "అదే వన్నెలపట్నం. ఊరి చివర, అరకోసు దూరంలో కరాళుడి తోట. తోటలో దానిమ్మ చెట్టు, చెట్టుకు పంజరం, పంజరంలో చిలక. వాడి ప్రాణం ఆ చిలకలో ఉంది. నేరుగా తోటకే పో."

"వెళ్తాలే తాతా. కాళ్లు కొయ్యబారిపోయాయి, కాస్త నడవనీ."

"నీ ఇష్టం. నాకు నీళ్ల సంగతి తెలుసు గాని ఊళ్ల సంగతి తెలీదు" అని తాబేలు నీళ్లలోకి జారుకుంది.

రేవులో కావలివాడు ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చాడు. "మా అన్న జయంధరుడు ఈ ఊళ్లోనే ఉన్నాడట. ఎలా ఉన్నాడో తెలుసా?" అని అడిగాడు కళాధరుడు. కావలివాడు చెంబు వంక చూశాడు. "తెలుసు బాబూ. ముందు మా ఊరు చూడండి. ఇంకా ఎండెక్కలేదు, నడవడానికి బాగుంటుంది" అన్నాడు.

సరే చూద్దామనుకున్నాడు. నిజంగానే చూడదగ్గ ఊరు. ఒక వీధి పొడుగునా దువ్వెనలే అమ్ముతారు. కొమ్ము దువ్వెనలు, గంధపు దువ్వెనలు, చేప ఎముకతో చేసినవి. వచ్చినవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, కొన్నా కొనకపోయినా తల దువ్వి పంపుతారు. ఆ పక్క వీధిలో తాటిబెల్లం పాకంలో అరటిపండు ముక్కలు మగ్గించి ఆకుల్లో పెడుతున్నారు. మూడు ఆకులు తిన్నాడు. అక్కడ వాణ్ణి ఎవరూ రాకుమారా అనలేదు, ఎవరూ ఏ పనీ చెప్పలేదు. ఆరు నెలల్లో మొదటిసారి వాడు అన్నను మరిచిపోయాడు. ఒక్క గడియ సేపే. ఆ గడియ ఎంత హాయిగా ఉందో వాడికే తెలుసు.

మధ్యాహ్నం పూల అంగడి పందిరి కింద కునుకు తీశాడు. లేచేసరికి సిగ్గేసింది. దండ గుచ్చుతున్న అవ్వను అడిగాడు: "అవ్వా, మా అన్న జయంధరుడు ఎలా ఉన్నాడో తెలుసా?"

అవ్వ చెయ్యి ఆగింది. "ఇంతకుముందు ఎవరినైనా అడిగావా నాయనా?"

"రేవు కావలివాణ్ణి అడిగాను."

"అయితే ఇది రెండోసారి. మా ఊరి మర్యాద చెబుతాను విను. కొత్తగా వచ్చిన మనిషికి మొదటి రోజు చెడ్డ కబురు చెప్పకూడదు. ఎంత దూరం నుంచి వచ్చాడో, ఎంత దిగులు మోసుకొచ్చాడో అని. మూడోసారి అడిగితే మాత్రం దాచకూడదు. ఇప్పుడే అడుగు నాయనా, చెప్పేస్తాను. అడుగు."

కళాధరుడికి అర్థమైంది. మంచి కబురైతే ఈపాటికి చెప్పేవాళ్లే. మాట గొంతు దాకా వచ్చింది. అడిగితే మళ్లీ ఆ దిగులు మొదలవుతుంది, ఈ రోజు కాస్తా అయిపోతుంది. కబురెక్కడికి పోతుంది, సాయంత్రం అడుగుదాంలే అనుకున్నాడు. "పూలు బాగున్నాయవ్వా" అని నవ్వి లేచాడు. అవ్వ వెనకాలే నాలుగడుగులు వచ్చింది, నోరు తెరిచింది, మూసేసుకుంది. తగలబడ, ఏం మర్యాదో అది!

ఊరి నడిమధ్య తాటిచెట్టంత ఎత్తున రంగులరాట్నం తిరుగుతోంది. ఎక్కాడు. పైకి వెళ్లగానే సముద్రమంతా కనబడింది, చల్లటి గాలి కొట్టింది. పిల్లాడిలా పగలబడి నవ్వాడు. మొదటి చుట్టు అయ్యింది. పొద్దు వాలుతోంది. అవ్వ కబురు అప్పటికే అందినట్టుంది, రాట్నం తిప్పేవాడు తొట్టి ఆపి, "బాబూ, నన్నేమైనా అడగాలా?" అన్నాడు.

"ఇంకో చుట్టు" అన్నాడు కళాధరుడు.

రెండో చుట్టు అయ్యింది. పొద్దు నీళ్లను తాకింది. "బాబూ, ఏమైనా అడగాలా?" ఈసారి రాట్నంవాడు పొద్దు వంక చూస్తూ అడిగాడు.

"ఇంకొక్క చుట్టు" అన్నాడు కళాధరుడు.

మూడో చుట్టు తిరిగి దిగేసరికి పొద్దు గుంకింది. అప్పుడడిగాడు, మా అన్న ఎలా ఉన్నాడని.

రాట్నం తిప్పేవాడు చేతులు జోడించాడు. "కరాళుడు పట్టుకొచ్చిన వాళ్లు పాదాల నుంచి పైకి రాయైపోతారు బాబూ, రోజుకు వడ్లగింజంత చొప్పున. తల మిగిలున్నంత వరకూ ఆశ ఉంటుంది, మాంత్రికుడు చస్తే మళ్లీ మనుషులవుతారు. మీ అన్నగారికి నిన్నటికే గడ్డం దాకా వచ్చింది. గడ్డం దాటాక తలంతా ఒక్క పగల్లోనే రాయైపోతుంది, ఈ పొద్దు గుంకడంతో ఆఖరు."

కళాధరుడు పరుగెత్తాడు. అరకోసు ఎంత దూరం? అంత కడుపు నిండిన వాడు కూడా చిటికెలో చేరాడు. తోటలో అన్న నిలబడి ఉన్నాడు. పాదాలు రాయి, చేతులు రాయి, మొహం రాయి. పగటి ఎండకు ఆ రాయి ఇంకా వెచ్చగా ఉంది.

పక్కనే మోకాళ్ల దాకా రాయైన ఒక అమ్మాయి ఉంది. ఆ దేశపు రాజు కూతురు కనకవల్లి. "సాయంత్రం రాట్నం వైపు నుంచి నవ్వు వినబడింది" అంది. "అది మా తమ్ముడి నవ్వు, వాడొచ్చేశాడు, ఇంక మనకేం భయం లేదన్నారు మీ అన్నగారు. కడదాకా అటే చూస్తూ ఉన్నారు."

ఇంతలో మాంత్రికుడి చెప్పుల చప్పుడు. కళాధరుడు కళ్లు తుడుచుకున్నాడు. "ఎవడ్రా?" అన్నాడు కరాళుడు. "చిలకల వ్యాపారినయ్యా. మీ చిలకకు మాటలు రావని ఊరంతా నవ్వుకుంటుంటే చూసిపోదామని వచ్చాను." కరాళుడికి ఒళ్లు మండింది. పంజరం తలుపు తీసి చిలకను వేలి మీద నిలబెట్టి, "నా పేరు చెప్పవే" అన్నాడు. చిలక నోరు తెరిచేలోగా కళాధరుడు దాని మెడ పట్టుకున్నాడు. ఆ తర్వాతది చెప్పను, మీరింకా తినాలి. మాంత్రికుడు కూలిపోయాడు. మోకాళ్ల దాకా రాయైనవాళ్లు, నడుం దాకా రాయైనవాళ్లు కాళ్లు విదిలించుకుని నడిచారు. జయంధరుడు నడవలేదు.

పెళ్లేదీ అంటారు. జరిగింది. ఆ దేశపు రాజు కళాధరుడికే కూతుర్నిచ్చి, ఓడ నిండా సారె పెట్టి పంపాడు. తర్వాత వాడు కుంభగిరికి రాజై యాభై ఏళ్లు ఏలాడు, వానలు వేళకు పడ్డాయి, పంటలు పండాయి. అన్నీ ముందే చెప్పేశాను, ఎందుకంటే మధ్యలో ఒకటి మిగిలిపోయింది.

ఓడ కుంభగిరి చేరిన రోజున సభలో అందరూ చప్పట్లు కొట్టారు. రాణి మాత్రం ఓడలోంచి దింపిన రాతి దగ్గర కూర్చుని, పెద్దకొడుకు చెంపలు నిమురుతూ ఉంది. చాలాసేపటికి కళాధరుణ్ణి పిలిచింది.

"ఆ ఊరి రేవులో ఎప్పుడు దిగావు నాయనా?"

"పొద్దున్నేనమ్మా."

"తోట ఎంత దూరం?"

"అరకోసు."

"మరి పొద్దు గుంకేదాకా ఏం చేశావు?"

వాడు తల్లికి ఏనాడూ అబద్ధం చెప్పలేదు. "ఊరు చూశానమ్మా" అన్నాడు.

రాణి తలూపింది. ఆ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. ఊరి నుంచి వచ్చిన కొడుకును ఏ తల్లయినా అడిగినట్టే అడిగింది.

"బాగుందా?"

"బాగుందమ్మా" అన్నాడు.

అంతే కథ. లేవండి, అన్నాలు చల్లారిపోతున్నాయి.