మంచు మీద నల్ల మచ్చ

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టడం ఒక ఎత్తు, దాన్ని వెచ్చగా ఉంచడం ఇంకో ఎత్తు. మన్యం కొండ మీద, రాగులు పండే చోళ్ల చేను గట్టులో కాపురముండే గింజమ్మ అనే ఎలుక కథ వినకముందు నాకూ ఆ సంగతి తెలీదు.

పుష్యమాసం. తెల్లారేసరికి నేలంతా ఉప్పు చల్లినట్టు మంచు పేరుకునే చలి. గింజమ్మది నిండు చూలు. పోయినేడు ఇదే చలిలో నలుగురు పిల్లల్ని కని, గింజలేరుకుందామని బయటికెళ్లి వచ్చేసరికి ఎవరో పైకప్పు తవ్వేశారు. పిల్లలు లేరు. మట్టిలో ఉన్న ఇల్లు ఎలా కనిపెట్టారో ఆమెకు ఎంతకీ అంతుపట్టలేదు. ఆ ఏడుపు ఏడాదైనా తీరలేదు.

ఆమె గడ్డి కరుచుకుని పోతుంటే ఓ సాయంత్రం నక్క ఎదురైంది.

"ఏం కోడలా, ఇల్లు సర్దుతున్నావా?"

"అవును మామా. కప్పు కింద ఎంత గడ్డి పరవాలో తెలియక తల పట్టుకున్నా."

"పిడికెడు చాలమ్మా. అంతకు మించితే పసిగుడ్లకు ఊపిరాడదు. నాకు జాలి."

గొర్రె తడిసిందని తోడేలు ఏడ్చిందట! అయినా పెద్దవాడి మాట కదా అని గింజమ్మ పిడికెడే పరిచింది.

పొద్దున్నే బయటికొచ్చి చూస్తే నేలంతా తెల్లగా ఉంది. తన గూటికి సరిగ్గా పైన మాత్రం మంచు కరిగి, గుండ్రంగా నల్లటి మచ్చ. దాని చుట్టూ నక్క అడుగులు.

గింజమ్మకు అప్పుడు అర్థమైంది. తన ఒంటి వేడి కప్పులోంచి పైకి పోతోంది. ఇల్లు చల్లబడటమే కాదు, పిల్లలిక్కడున్నారని చాటింపు కూడా వేస్తోంది. పోయినేడు నక్క చూసింది ఈ మచ్చనే. ఇప్పుడు తవ్వకుండా పోయిందంటే, కాన్పు అయ్యాక తల్లినీ పిల్లల్నీ కలిపి తిందామనే.

ఇంకొకరైతే గుండెలు బాదుకునేవాళ్లు, లేదంటే దొరికిన గడ్డంతా ఇంట్లో కుక్కేసేవాళ్లు. ఈవిడ మచ్చకు ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి అడుగులు లెక్కపెట్టింది. తొమ్మిది.

ఆ రోజు మూడు పిడికిళ్లు పరిచింది. మర్నాటికి మచ్చ ఆరడుగులు. తొందరలో మంచుకు తడిసిన గడ్డి తెచ్చి వేస్తే మళ్లీ ఎనిమిదికి పెరిగింది. విసుక్కోకుండా అంతా బయటికి లాగి ఎండబెట్టింది. గట్టిగా తొక్కి పరిస్తే లాభం లేకపోయింది, దూదిలా విప్పి పరిస్తే మూడడుగులకు తగ్గింది. చూలాలు, ఆయాసపడుతూనే ఇంకో రెండు పిడికిళ్లు మోసుకొచ్చింది. ఆ మర్నాడు మచ్చ లేదు. నాకైతే ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

నక్క అడుగులు పడ్డ మర్నాడే పక్క బొరియలోకి వచ్చి చేరిన ఏదుపంది తాత, గింజమ్మ నోట నక్క సలహా విని, ఇదంతా చూస్తూనే ఉన్నాడు.

"మచ్చ పోయిందిగా, ఇంకా ఎందుకే మొయ్యడం?"

"ఇది నా ఒక్కదాని వేడికి సరిపోయింది తాతా. పిల్లలొస్తే వాళ్ల వేడీ తోడవుతుందిగా. ఇంకో రెండు పిడికిళ్లు వేసి ఆపేస్తా."

"ఉన్న గడ్డంతా వేసెయ్యరాదూ?"

"వేస్తే గడ్డి ఉంటుంది, పిల్లలకు చోటుండదు. గాలికి రాయి పక్కన సందు కూడా వదిలా. నీ ఇంటికీ పరవనా తాతా? నీ కప్పు మీద మచ్చ చాటంత ఉంది."

ముసలాయన ముళ్లు ఒకసారి గలగలలాడించాడు. "నాకెందుకే గడ్డి? మచ్చ అలాగే ఉండనీ. చుట్టం ఎవరైనా వస్తే దారి తెలియాలిగా."

మూడో రోజు గింజమ్మ ఐదుగురిని కంది. తెల్లారగానే పైకెక్కి చూసింది. గోరంత మచ్చ కూడా లేదు. అప్పుడు ఏడ్చింది తల్లి, సంతోషంతో.

కాసేపటికి నక్క దిగింది. పాత చోట అంతా తెలుపే. నాలుగు బారల అవతల మాత్రం చాటంత మచ్చ. "ఓహో, కోడలు ఇల్లు మార్చింది. మచ్చ ఇంత పెద్దదంటే కాన్పు అయినట్టే. నా మాట విని పిడికెడే వేసింది, పిచ్చిది" అనుకుని గబగబా తవ్వి, మూతి లోపలికి పెట్టేసింది.

కొండంతా వినిపించేలా అరిచింది. మూతినిండా ముళ్లు. వెనక్కి వెనక్కి నడుస్తుంటే లోపల్నుంచి ఏదుపంది తాత తాపీగా అన్నాడు:

"నీ సలహా పాటించింది నేనొక్కణ్నే అల్లుడూ. ఒక్క పోచ కూడా ఎక్కువ వెయ్యలేదు."

నక్క ఆ చేను వైపు మళ్లీ రాలేదు. గింజమ్మ మాత్రం చలి పోయేదాకా రోజూ పొద్దున్నే పైకెక్కి నేల చూసుకునేది.

నీతి: ఇంటికి ఎంత కావాలో ఆ ఇంటినే అడుగు, దాని మీద కన్నేసినవాణ్ని అడక్కు.