పొగమంచులో వినబడిన అరుపు

ఏదైనా అడిగితే అవుననీ కాదనీ చెప్పే అలవాటు ఫిలిన్నాకు లేదు. అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగించి, పక్కన కూర్చోబెట్టుకుని, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పేది. ఆ రోజు లిసిల్లా అనే ఊరి పిల్ల అడిగినప్పుడు కూడా ముందు ఒక మోపు ఐవీ తీగలు తెచ్చి ఆ పిల్ల ఒళ్ళో పడేసింది.

లిసిల్లా అడిగింది ఇదీ: "అమ్మా, నాకు పూనకం రాదు. రెండుసార్లు కొండెక్కాను. చుట్టూ అందరూ ఊగిపోతుంటే నేను దిష్టిబొమ్మలా నిలబడ్డాను. వెనక నవ్వుకున్నారట. రేపు వాళ్ళతో పాటు నేనూ ఊగితే తప్పా? ఊగుతూ ఉంటే అదే వస్తుందంటున్నారు."

ఇది పాతకాలపు గ్రీకు దేశం మాట. ద్రాక్షతీగకూ మద్యానికీ దేవుడైన డయోనిసస్‌ను అక్కడి ఆడవాళ్ళు గుట్టుగా కొలిచేవారు. ఏడాది విడిచి ఏడాది, చలికాలంలో, ఇల్లూ పిల్లలూ మగ్గమూ వదిలి, జింకతోలు కప్పుకుని, ఐవీ చుట్టిన కర్రలు పట్టుకుని కొండెక్కేవారు. తప్పెటలు మోగిస్తూ ఒళ్ళు మరిచేదాకా ఆడేవారు. అక్కడ చూసినది కింద ఎవరికీ చెప్పకూడదని ఒట్టు. ఈ ఊరివాళ్ళకు ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. దిగేటప్పుడు వెనక ఎవరు మిగిలారో చూడకూడదు. మిగిలినవాళ్ళు దేవుడి దగ్గర ఉన్నట్టు. ఆయన వదిలాక వాళ్ళే వస్తారు. ఆ బృందానికి అప్పుడు ఫిలిన్నాయే పెద్ద.

"ఆకులు రాలకుండా చుట్టు," అని, ఫిలిన్నా తన సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

అప్పటికి ఆమెకు ఇరవై అయిదేళ్ళు. కల్లో అనే తోడికోడలు ఆమె కంటే మూడేళ్ళు చిన్నది. కల్లో మీదికి మొదటి ఏడే దేవుడు వచ్చాడు, లేదా వచ్చాడని అందరూ అన్నారు. ఫిలిన్నా మూడుసార్లు కొండెక్కినా, చలికి వణకడం తప్ప వేరే వణుకు ఎరగదు. అత్తగారు ఇంటికొచ్చినవాళ్ళందరికీ వినిపించేలా, "మా చిన్నకోడలి మీదికి దేవుడొస్తాడు, పెద్దకోడలి మీదికి నిద్రొస్తుంది," అనేది. ఫిలిన్నా కూడా నవ్వేది. కానీ మగ్గం ముందు కూర్చున్నప్పుడు ఆ మాట నాడెలాగా బుర్రలో అటూ ఇటూ తిరిగేది.

ఆ ఏడు కొండకు వెళ్ళింది పద్నాలుగు మంది. ఈసారి ఎలాగైనా ఊగాలని ఫిలిన్నా ఇంట్లోనే నిశ్చయించుకుని బయలుదేరింది. మధ్యాహ్నానికి పొగమంచు దిగి, పది అడుగుల అవతలి మనిషి కనబడకుండా పోయింది. ఆమె జుట్టు విరబోసుకుంది, తల విసిరింది, కళ్ళు తేలేసింది. బృందానికి పెద్దయిన యూనికే ఆమె భుజం పట్టుకుని, "వచ్చాడు, ఫిలిన్నా మీదికీ వచ్చాడు," అంది. ఆ మాట విన్నప్పుడు కలిగినంత సంతోషం తన పెళ్ళినాడు కూడా కలగలేదు.

అప్పుడే లోయ వైపు నుంచి కల్లో అరిచింది.

ఫిలిన్నా కాళ్ళు ఆగబోయాయి. "కల్లోను పూర్తిగా ఆవహించాడు," అని యూనికే గొంతెత్తింది. పన్నెండు గొంతులూ ఒక్కసారిగా బదులు కేక వేశాయి. తప్పెటలు జోరందుకున్నాయి. లోయలోంచి మళ్ళీ అరుపు. కాసేపటికి ఇంకోటి, సన్నగా. దేవుడు పూనిన మనిషికి అరుపుల్లో తేడా తెలియదు. తెలిసిందంటే దేవుడు రానట్టే. ఫిలిన్నా ఇంకా గట్టిగా ఊగింది.

పొద్దు వాలకముందే దిగారు. ఎవరూ వెనక్కి చూడలేదు. అత్తగారు కల్లో చంటిబిడ్డను భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"రెండోది ఏదే?"

"దేవుడు ఉంచుకున్నాడు అత్తయ్యా."

అత్తగారి మొహం విప్పారింది. "చూశావా దాని భాగ్యం," అని బిడ్డకు మేకపాలు పట్టడానికి లోపలికి వెళ్ళింది.

ఆ సాయంత్రం నుంచి మంచు కురిసింది. నాలుగో రోజు ఒక మేకల కాపరి కల్లో శవాన్ని మోసుకొచ్చాడు. కాలు విరిగింది. తన తప్పెట తోలు ఊడదీసి, దానితో ఆ కాలికి గట్టిగా కట్టు కట్టుకుంది. అంత పని చేసుకునేటంత సేపు బతికే ఉంది. యూనికే ఆ కట్టు మీద గుడ్డ కప్పి, ఐవీ దండ వేసి, "దేవుడే పిలుచుకున్నాడు," అంది. ఊళ్ళో ఆడవాళ్ళు కుళ్ళుకున్నారు. తరవాత కొండెక్కినప్పుడల్లా మొదట కల్లో పేరే తలిచేవారు. ఫిలిన్నా అందరి కంటే గట్టిగా తలిచేది.

పదకొండేళ్ళ తరవాత యూనికే మంచాన పడింది. బృందాన్ని ఫిలిన్నాకు అప్పగిస్తూ, చేయి పట్టుకుని, "ఆ రోజు నువ్వూ విన్నావు కదూ?" అని అడిగింది.

"ఏమిటి?"

"తెలియనట్టు అడక్కు. నేను విన్నాను. కానీ నువ్వు ఊగే ఊపు చూసి నీకు నిజంగానే వచ్చిందనుకున్నానే. దేవుడొచ్చినవాళ్ళ మధ్య నేనొక్కదాన్ని ఆపండర్రా అంటే, పెద్దదాన్నై ఉండి నా పరువేం కావాలి?"

యూనికేను సాగనంపాక ఫిలిన్నా, ఒట్టు చెడితే చెడిందని, మిగతావాళ్ళను ఒక్కొక్కరినే పక్కకు పిలిచి అడిగింది. కొందరు ఏడ్చారు. ఒకామె తిట్టి తలుపు వేసుకుంది. వినలేదన్నది ఒక్కతే. ఆమెకు చిన్నప్పటి నుంచీ చెవుడు.

లిసిల్లా చేతులు ఆగిపోయాయి. "అయితే ఆ రోజు పూనకం ఎవరికీ..."

"తీగ వదులైంది. బిగించు."

లిసిల్లా బిగించింది. కొంతసేపటికి ఇంకో సందేహం వచ్చింది. "అంత మంచులో, అంత మోతలో, అది నొప్పికి అరిచిన అరుపని ఎలా తెలిసిందమ్మా? పూనకంలోనూ అలాగే అరుస్తారుగా."

ఫిలిన్నా చుట్టడం అయిన కర్రను గోడకు ఆనించి, ఇంకో కర్ర తీసుకుంది.

"'అక్కా' అని పిలిచింది," అంది. "దేవుడు నన్ను అక్కా అని ఎందుకు పిలుస్తాడే?"