తాయారమ్మగారి దగ్గు

1968 జూన్ 14, శుక్రవారం. సికింద్రాబాదు మీద తెల్లవారుజాము నుంచీ మబ్బు కమ్మి ఉంది గాని చినుకు పడలేదు. గాలి లేదు. ముందురోజు తీగమీద ఆరేసిన నా చొక్కా ఇంకా తడిగానే ఉంది. ఆ తడి చొక్కాతోనే జెకర్యా మేస్త్రి గారి అరుగుమీద కూర్చుని ఉండగా ఆయన శిష్యుడు ఏసోబు సైకిలు దిగాడు. దానికి స్టాండు వెయ్యకుండా గోడకి ఆనించాడు. అది పడిపోయింది. ఎత్తలేదు.

జెకర్యా మేస్త్రి గారు పియానోలు బాగుచేసేవారు. మెట్టుగూడలో ఆయన మేడమీద గదిలో నేను అద్దెకుండేవాణ్ణి. ఆయన చిన్నతనంలో మద్రాసు వెళ్ళి ఒక దొర కొట్లో ఆ పని నేర్చుకున్నారు. పురోహితుడికి ఉన్నట్టే ఆయనకీ ఇళ్ళుండేవి. చర్చిలు, బడులు, లాలాగూడ రైల్వే క్వార్టర్లు, బొల్లారం బంగళాలు. వానాకాలం వస్తే పియానో చెక్క ఉబ్బి, వేళ్ళతో నొక్కే మెట్లు నొక్కినవి నొక్కినట్టే ఉండిపోతాయి. అందరూ ఎండలు తగ్గాలని వాన కోసం చూస్తే, ఆయన పని తగలాలని చూసేవారు.

మోకాళ్ళు అరిగిపోయాయని, మారేడుపల్లి ఇళ్ళు ఏసోబుకి అప్పగించాలని ఆ ఏడు అనుకున్నారు. ఏసోబు ఆ మాట కోసమే ఏళ్ళ తరబడి సంచీ మోశాడు. గురువారం నాడు మొదటిసారి ఒక ఇంటికి ఒంటరిగా పంపించారు. ప్లీడరుగారి భార్య తాయారమ్మగారి ఇల్లు.

"ఏమైందిరా?" అన్నారు మేస్త్రి గారు.

"నన్ను దొంగన్నారండీ."

"ఏం తీశావు?"

"ఏమీ తియ్యలేదండీ. తగ్గించాను."

సంగతి ఏమిటంటే, పియానోలో ప్రతి తీగకీ ఒక చిన్న సుత్తి ఉంటుంది. దాని తలకి దళసరి ఉన్ని చుట్టి ఉంటుంది. తాయారమ్మగారి పియానోలో ఇరవై సుత్తుల ఉన్నిని పురుగు తినేసింది. కొత్తవి మద్రాసు నుంచి తెప్పించి పెట్టినవి మేస్త్రి గారి దగ్గర ఉన్నాయి. అన్నిటికీ కలిపి నూట ఇరవై రూపాయలు. అంతవరకూ ఏసోబు సరిగ్గానే చెప్పాడు.

చెప్పగానే ఆవిడ దగ్గింది.

"నూట ఇరవై అంటే ఎక్కువనుకుంటున్నారేమో, వందకి చేస్తానండీ అన్నాను. మళ్ళీ దగ్గారు. మేస్త్రిగారికి తెలిసినవాళ్ళు కదమ్మా, తొంభై ఇవ్వండి అన్నాను. ఈసారి గట్టిగా దగ్గారండీ."

"అప్పుడు?"

"ఎనభై."

"ఆవిడ ఒక్క మాటైనా అన్నదా?"

"అప్పుడన్నారండీ. ఎనభైకి వచ్చేవాడివి నూట ఇరవై ఎందుకన్నావురా, దొంగ వెధవా, అని."

నాకు నవ్వొచ్చింది. మేస్త్రి గారి ముఖం చూసి మింగేశాను. నేను నిజాం కాలేజీలో అర్థశాస్త్రం చదివాను. గిరాకీకి, సరఫరాకి మధ్య ధర తేలుతుందని మా ప్రొఫెసరు రెండేళ్ళు చెప్పారు. దగ్గు సంగతి ఏనాడూ ఎత్తలేదు.

ఏసోబుకి మాత్రం నవ్వులాట కాదు. తాయారమ్మగారు అక్కడి మహిళా సమాజానికి అధ్యక్షురాలు. మారేడుపల్లిలో పియానో ఉన్న ప్రతి ఇంటావిడా ఆ సమాజంలో ఉంది. ఆవిడ నోట దొంగ అన్న మాట ఇంకోసారి వస్తే, ఏసోబుకి ఆ పేటలో ఏ గేటూ తెరుచుకోదు.

"మేస్త్రిగారూ, ధర ఎలా చెప్పాలో నేర్పండి. తీగ బిగించడం నేర్పారు, చెక్క చెక్కడం నేర్పారు, ఇది నేర్పలేదు."

మేస్త్రి గారు లోపలికెళ్ళి కోటు తొడుక్కుని వచ్చారు. నాకు ఆ రోజు ఆఫీసుకి సెలవు. పియానో లోపల ఏముంటుందో చూడాలని నేనూ వెంట బయల్దేరాను.

ఆ పియానో కథ కూడా చెప్పాలి. బొల్లారంలో ఎవరో కర్నలు సామాను వేలం వేస్తే ప్లీడరుగారు దుప్పి తలకాయ కోసం పాట పాడారు. దాంతోపాటు పియానో కూడా అంటగట్టారు. దుప్పి తలకాయని తాయారమ్మగారు గుమ్మం దాటనివ్వలేదు. పియానో మీద మాత్రం మంచి పట్టు గుడ్డ కప్పి, హాల్లో పెట్టించారు. నిన్న ఏసోబు వెళ్ళేవరకూ ఆ గుడ్డ తీసి చూసినవాళ్ళు లేరు. దాని లోపల దుమ్ము కర్నలు నాటిదే.

మమ్మల్ని చూడగానే ఆవిడ మొదలుపెట్టారు. "రండి మేస్త్రిగారూ! శిష్యుణ్ణి కూడా తెచ్చారూ? నిన్న నేను దగ్గితే నలభై రూపాయలు తగ్గించాడు. పొరపాటున తుమ్మి ఉంటే ఊరికే బాగుచేసి, ఎదురు డబ్బిచ్చి వెళ్ళేవాడు!"

మేస్త్రి గారు నవ్వలేదు. "మీకు దుమ్ము పడదా అమ్మా?"

"చిన్నప్పటి నుంచీ పడదు."

ఆయన నేలమీద దుప్పటి పరిపించి, పియానో ముందు పలక విప్పి, సుత్తుల వరసని అలాగే బయటికి లాగి దానిమీద పెట్టారు. ఒక సుత్తిని ఊడదీసి ఆవిడ అరచేతిలో పెట్టారు. ఏమీ చెప్పలేదు.

ఆవిడ దాన్ని వెలుతురులోకి తీసుకెళ్ళి చూసింది. "అయ్యయ్యో, ఎలుక కొట్టిందా?"

"పురుగమ్మా. ఉన్ని కదా."

"పాపం, ఎముక బయటపడినట్టుందే. ఇలాంటివి ఎన్ని?"

"ఇరవై."

మేస్త్రి గారు జేబులో చెయ్యి పెట్టి రెండు స్క్రూలు తీశారు. "ఏసోబూ, ఇవి పట్టుకో. చేత్తో కాదు, పళ్ళమధ్య. కింద పడ్డాయంటే ఈ దుమ్ములో దొరకవు."

పళ్ళమధ్య స్క్రూలు పట్టుకోవడం ఆ పనివాళ్ళకి అలవాటే. ఏసోబు నోట్లో పెట్టుకున్నాడు.

"అన్నీ కొత్తవి వేస్తే ఎంతవుతుంది?" అంది తాయారమ్మగారు.

"నూట ఇరవై."

ఆవిడ దగ్గింది.

ఏసోబు కళ్ళు పెద్దవయ్యాయి. మేస్త్రి గారు గోడమీద క్యాలెండరు చూస్తున్నారు. ఆవిడ మళ్ళీ దగ్గింది. ఏసోబు "ఊఁ, ఊఁ" అంటూ చేతులాడించాడు. మూడోసారి దగ్గేసరికి పాపం వాడి నుదుటిమీద చెమట కారింది.

మేస్త్రి గారు ఆవిడ వైపు తిరిగి, "మంచినీళ్ళు తాగండమ్మా," అన్నారు.

ఆవిడ తాగింది. గ్లాసు కింద పెట్టి, "మీవాడు ఎనభై అన్నాడే," అంది.

"వాడు మీ దగ్గుకి చెప్పాడమ్మా. నేను సుత్తులకి చెప్పాను."

ఆవిడ చేతిలో సుత్తి వంక చూసింది. తర్వాత ఏసోబు వంక చూసింది. "పాతవి ఏంచేస్తారు?"

"మీవే. ఇరవైకి ఇరవై మీకే ఇచ్చేస్తాము."

"నాకెందుకా చెత్త?" అంది గాని, చేతిలోది మాత్రం వదల్లేదు. "సరే. వచ్చే శుక్రవారం మా సమాజం వాళ్ళు ఇక్కడికే వస్తున్నారు. ఆలోపల పలకాలి. మీరే చెయ్యాలి."

"నేను రాను. ఏసోబు చేస్తాడు."

"వీడా?" ఆవిడ వాడి దగ్గరికి వచ్చి ఎగాదిగా చూసింది. "ఏమయ్యా, నువ్వు చెయ్యగలవా?"

ఏసోబు స్క్రూలు పడిపోకుండా మెల్లిగా, గంభీరంగా తలూపాడు.

"ఫరవాలేదే," అంది ఆవిడ మేస్త్రి గారితో. "నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత పెద్దరికం వచ్చిందీ కుర్రాడికి!"

తిరుగుదారిలో రైలు గేటు వేసి ఉంది. గూడ్సు బండి ఎంతకీ కదల్లేదు. ఏసోబు సైకిలు పట్టుకుని మా పక్కన నిలబడ్డాడు. నోట్లో స్క్రూలు ఇంకా అలాగే ఉన్నాయి.

"ఇంకా ఎందుకురా, తీసెయ్," అన్నారు మేస్త్రి గారు.

వాడు తీసి అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. "మేస్త్రిగారూ, ఇవి పియానోలో ఏ భాగానివండీ? నేనెప్పుడూ చూడలేదు."

"మా వంటింటి గొళ్ళేనివి. మా ఆవిడ వారం నించీ బిగించమని గోల."

ఏసోబు ఏదో అనబోయి, నోరు మూసుకున్నాడు. గేటు తెరిచారు. మెట్టుగూడ చేరేవరకూ వాడు మాట్లాడలేదు. వాడు అంతసేపు ఊరుకోగా నేను అంతకుముందు చూడలేదు.

మేస్త్రి గారు 1979లో పోయారు. మంచంమీద ఉండగానే అన్నీ నోటితోనే పంచారు. ఇల్లు భార్యకి. పనిముట్లు, మారేడుపల్లితో సహా ఇళ్ళన్నీ ఏసోబుకి. కోటు, గోడగడియారం ఒంగోలులో ఉన్న తమ్ముడికి.

ఆయన పడక్కుర్చీ మీద నాకు చాలాకాలంగా ఆశ ఉండేది. బర్మా టేకు, చేతులు వెడల్పు, కాఫీ గ్లాసు పెట్టుకున్నా కదలదు. ఒక సాయంత్రం ఆయనే, "ఆ కుర్చీ మీరు తీసుకుంటారా?" అని అడిగారు. "అబ్బే, నాకెందుకండీ, అల్లుడుగారికి ఇవ్వండి," అన్నాను. ఆయన ఏమీ అనకుండా నా వంకే చూస్తూ ఊరుకున్నారు. "పైగా మేడమీదికి ఎక్కించడం కష్టం," అన్నాను. అప్పుడూ ఊరుకున్నారు. "నా గదిలో చోటు కూడా లేదనుకోండి," అన్నాను.

కుర్చీ అల్లుడికి పోయింది. నాకేమీ రాలేదు.