సుంకులుకు అందని మాట

అనగనగా అంటాను, ఊఁ కొట్టండి మరి. మీ అవ్వకు అవ్వ ఉగ్గుపాలు తాగకముందరి మాట.

సుంకులు అని పచ్చబొట్లు పొడిచే ఆమె ఉండేది. ఊరూరూ తిరిగేది. బొట్టు పొడిచేదాకా అందరికీ కావాల. పొడిచినాక కొంగులో ఇన్ని గింజలు పోసి వాకిట్లోంచే పంపేవాళ్లు. మొగుడున్నప్పుడు ఇద్దరూ కబుర్లాడుకుంటా నడిచేవాళ్లు. ఆయన గుట్ట మీంచి పడి చచ్చిపోయినాక తనలో తనే మాట్లాడుకుంటా నడిచేది. పాపం, ఇంకెవరున్నారు?

ఒకనాడు తాళ్లపల్లె చేరేసరికి ఒకటే ఏడుపులు. కల్లు గీసే నడిపన్న మోకు తెగి తాటిచెట్టు మీంచి పడినాడు. రొమ్ము ఒక పక్క ఉబ్బింది. మెడ నరాలు తేలినాయి. పెదాలు నేరేడుపండు రంగు తిరిగినాయి.

సుంకులు దగ్గరికొచ్చి చూసింది. తన మొగుడు పోయింది అచ్చం ఇట్లే. లోపల చేరిన గాలికి దోవ లేక ఊపిరిని నొక్కేసింది. ఆ పొద్దు చేతిలో సూది ఉండీ ధైర్యం చాలలేదు.

"అక్కా, ఒక్క పోటు పొడవనీ. గాలి పోతే మనిషి దక్కుతాడు" అని నడిపన్న పెళ్లాం లచ్చుమక్కను బతిమాలింది. ఒకసారి అడిగింది. రెండోసారి అడిగింది. మూడోసారికి లచ్చుమక్క, "నా పసుపుకుంకాలు నీ చేతిలో పెడతాండా, కానీ" అంది.

ఉబ్బిన పక్క, మెడ ఎముక కింద, పక్కటెముకల నడుమ సుంకులు సూది దించింది. ఆ బెజ్జంలో పసరు పోసే బోలు ఈకకాడ దూర్చింది. బుస్సుమని గాలి పోయింది. నడిపన్న కళ్లు మూతపడినాయి.

"అయ్యో, ప్రాణం బయటికి వదిలేసిందిరా!" అని ఊరు ఊరంతా రాళ్లెత్తింది.

"ఈక పీకొద్దు నాయనా! ఈక పీకొద్దు! ఈక పీకొద్దు!" అని అరుస్తానే ఉంది సుంకులు. తల పగిలి నెత్తురు కారతాంటే పొలిమేర దాటించినారు.

ఇక్కడ లచ్చుమక్క ఈకను చేత్తో కాచుకొని కూర్చుంది. నడిపన్న పెదాలు ఎర్రబడినాయి. కళ్లు తెరిచి, నీళ్లడిగినాడు.

అక్కడ సుంకులు ఎదురొచ్చిన వాళ్లనల్లా అడిగింది, "తాళ్లపల్లె నడిపన్న బతికినాడా?" మొదటి ఊళ్లో తెలీదన్నారు. రెండో ఊళ్లో పొమ్మన్నారు. మూడో ఊళ్లో తలుపే తీయలేదు. తాళ్లపల్లె వాళ్లు సిగ్గుతో వెతుక్కుంటా వచ్చేసరికి, ఆ ఊరి బయట రాతికి ఆనుకొని ప్రాణం విడిచి ఉంది. ఒంటిదే.

నడిపన్న నడవగలిగినాక వచ్చి, ఆమె సమాధి మీద పడి, "సుంకులూ, బతికినానే!" అని గొంతు పోయేదాకా ఏడ్చినాడు.

ఇప్పటికీ ఆ సీమలో ఎవరికి జబ్బు నయమైనా, ఇంటివాళ్లు ముందు ఊరి బయట దోవలో నిలబడి, "సుంకులూ, బతికినారే!" అని మూడుసార్లు కేకేస్తారు. మెల్లగా అంటే ముసలోళ్లు ఊరుకోరు. "గట్టిగా అరవండి, ఆయమ్మకు వినపడాల" అంటారు.