నిండు ఓడలో పస్తు

అనకాపల్లిలో హైమావతి అనే భూగోళం టీచరు ఉండేది. ఆమెకున్న ఒకే ఒక్క దుర్గుణం, ఎవరూ అడక్కముందే అన్నీ చేతికి అందించడం. ఊళ్ళో వాళ్ళు దాన్ని సుగుణం అనేవారు. అలా అన్నవాళ్ళలో ఎక్కువమంది అందుకునేవాళ్ళే.

అందరికంటే ఎక్కువ అందుకున్నవాడు ఆమె భర్త సన్యాసిరావు. పేరుకు సన్యాసే గానీ, ఆయన ఈ లోకంలో వదులుకున్నది ఒక్కటే: ఇంట్లో తన పని తాను చేసుకోవడం. కరెంటాఫీసులో సూపర్నెంటుగా ఉన్నంతకాలం ఏ ఫైలు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఇంటికొస్తే మాత్రం మంచినీళ్ళ గ్లాసు ఎక్కడుంటుందో తెలిసేది కాదు. కూర్చున్నచోటినుంచి చెయ్యి చాపేవాడు. ఆ చేతిలోకి గ్లాసో, తువ్వాలో, మాత్రో వచ్చి పడేది. ఎలా వస్తుందని ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. కుళాయి తిప్పినవాడు చెరువు గురించి ఆలోచిస్తాడా?

హైమావతి ముప్ఫయ్యొక్క ఏళ్ళు నల్లబల్ల మీద అగ్నిపర్వతం బొమ్మ గీసింది. ఎర్ర సుద్దతో లావా, పసుపు సుద్దతో మంట, పైన తెల్లటి పొగ. ఒకసారి ఏడో తరగతిలో పైడితల్లి అనే పిల్ల లేచి అడిగింది.

"టీచర్, దాని గొంతులోకి తొంగి చూస్తే ఏం కనిపిస్తుంది?"

హైమావతి పాఠం పుస్తకం తిరగేసి చూసింది. "పుస్తకంలో ఇవ్వలేదమ్మా, కూర్చో" అంది. ఆ మాట అన్నందుకు ఆమె చాలా ఏళ్ళు సిగ్గుపడింది. అందుకే రిటైరైన ఏడాది విశాఖపట్నం వెళ్ళి, మధ్యధరా సముద్రం చుట్టూ తిరిగే ఓడకు రెండు టికెట్లు తీసుకుంది. బార్సెలోనాలో ఎక్కితే నాలుగోరోజున ఇటలీలోని నేపుల్స్ వస్తుంది. అక్కడినుంచి బస్సులో వెసూవియస్ అగ్నిపర్వతం దాకా వెళ్ళొచ్చు. అగ్నిబిలం అంచున నిలబడి లోపలికి తొంగి చూడొచ్చు. ఆమెకు ఆ ప్రయాణంలో కావలసింది అదొక్కటే.

"సముద్రం మీద హోటలన్నమాట" అన్నాడు సన్యాసిరావు. "సరే, కరెంటు కుక్కరు పెట్టు. వాళ్ళ రొట్టెలు నా వల్ల కాదు."

ఓడలోకి కుక్కర్లు రానివ్వరని కాగితంలో రాసి ఉందని హైమావతి చెప్పింది. "రాసినవన్నీ పాటిస్తే బతకలేం, పెట్టవే" అన్నాడాయన. పెట్టింది. బార్సెలోనా రేవులో సామాన్లు తనిఖీ చేసేవాళ్ళు పెట్టె తెరిచి, చీరల మధ్యనుంచి కుక్కరు పైకెత్తి, ఎవరిదని అడిగారు. వెనక వరుస అంతా మెడలు చాచి చూసింది. సన్యాసిరావు భార్యవైపు వేలు చూపించాడు.

"ఆవిడ పెట్టింది" అన్నాడు.

కుక్కరు అక్కడే ఉండిపోయింది. ఎర్రబడిన ముఖంతో హైమావతి చీరలు మడిచి పెట్టె మూసింది.

ఓడలో ప్రతి మనిషికీ ఒక కార్డు ఇచ్చారు. గది తలుపు దాంతోనే తెరుచుకుంటుంది. ఓడ దిగాలన్నా ఎక్కాలన్నా ఎవరి కార్డు వాళ్ళే గేటు దగ్గర మిషనుకు ఆనించాలి. సన్యాసిరావు తన కార్డు అందుకున్న మరుక్షణమే భార్య సంచీలో పడేశాడు. "నీ దగ్గరే ఉండనీ" అన్నాడు. పాస్‌పోర్టులు, బీపీ మాత్రలు, దువ్వెన, ఆయన టోపీ అప్పటికే ఆ సంచీలో ఉన్నాయి.

రెండోరోజు ఫ్రాన్సులోని మార్సే రేవు వచ్చింది. ఊళ్ళోకి బస్సు తొమ్మిదింటికి. ఎనిమిదింటికి ఇద్దరూ భోజనాల హాలుకు వెళ్ళారు. నలభై రకాలు బల్లలమీద పరిచి ఉన్నాయి. ఎవరికి కావలసింది వాళ్ళు ప్లేటులో పెట్టుకుంటున్నారు. సన్యాసిరావు మాత్రం కిటికీ పక్కన కూర్చుని చెయ్యి చాపాడు. హైమావతి వెళ్ళి అన్నం తెచ్చింది. "పెరుగేదీ?" అన్నాడు. పెరుగు తెచ్చింది. "ఉప్పు?" తెచ్చింది. "అన్నం చల్లారిపోయింది" అన్నాడు. మళ్ళీ వెళ్ళింది. ఆమె కాఫీ తాగేలోపు బస్సు వెళ్ళిపోయింది. మార్సేలో ఆమె చూసింది పెరుగు గిన్నె.

మూడోరోజు ఇటలీలోని జెనోవా రేవు. ఓడ దిగి పది అడుగులు వేశాక "ఈ చెప్పులు కరుస్తున్నాయి, పాతవి తెచ్చిపెట్టు" అన్నాడు. ఆమె తొమ్మిదో అంతస్తులోని గదికి వెళ్ళి తెచ్చింది. తర్వాత ఆయనకు చలి వేసింది, స్వెట్టరు కోసం ఆమె మళ్ళీ వెళ్ళింది. ఆ తర్వాత ఆయనకే ఆవలింత వచ్చింది. "ఏముందిక్కడ, మన పాత గోడౌన్లలాగే ఉన్నాయి, పద" అన్నాడు. జెనోవాలో ఆమె చూసింది లిఫ్టు.

ఇదంతా దీనమ్మ చూస్తూనే ఉంది. దీనమ్మది బాపట్ల. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరై, ఒంటరిగా ఓడెక్కింది. తెలుగు వినిపించేసరికి వీళ్ళ బల్ల దగ్గరకు వచ్చి చేరింది. ఆ సాయంత్రం సన్యాసిరావు చాపిన చేతిలో హైమావతి చెంచా పెడుతుంటే దీనమ్మ తింటున్నది ఆపేసింది.

"టీచరమ్మా, చేతులు విరిగి కట్లు కట్టించుకున్నవాళ్ళకు ముప్ఫై ఏళ్ళు అన్నం తినిపించాను. ఆరు వారాలకు కట్లు విప్పేసేవాళ్ళం. సార్‌కి ఎప్పుడు విప్పుతారు?"

సన్యాసిరావు నవ్వాడు. "మా ఇంట్లో ఇది అలవాటండీ సిస్టరుగారూ. ఆవిడకే చెయ్యకపోతే తోచదు."

హైమావతికి ఒళ్ళు మండింది. దీనమ్మ మీద కాదు. భర్త మీద కూడా పూర్తిగా కాదు. ఆయన చెప్పింది సగం నిజం కావడం ఆమెకు మంటగా ఉంది. సంచీలోంచి ఆయన కార్డు తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇది మీ దగ్గర ఉంచుకోండి. రేపు నేపుల్స్. కొండకు వెళ్ళే బస్సు ఎనిమిదిన్నరకు. నాకు ఆ బస్సు తప్పకూడదు."

"నాకెందుకు? ఎవరి దగ్గరుంటే ఏం?" అన్నాడు గానీ, విసుక్కుంటూ జేబులో వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఆ కార్డు గదిలో బల్లమీద, కాఫీ కప్పు కింద కనిపించింది. కప్పు మరక పడకుండా వేసుకున్నాడు మహానుభావుడు. హైమావతి చెయ్యి దానికదే ముందుకు పోయింది. ఆమె ఆ చేతిని వెనక్కు లాక్కుని, రెండో చేత్తో పట్టుకుంది.

"మీ కార్డు బల్లమీద ఉంది. తీసుకోండి."

"ఆఁ, ఆఁ" అన్నాడు సన్యాసిరావు అద్దంలో మీసం చూసుకుంటూ. ఇద్దరూ బయటికి వచ్చారు. తలుపు మూసుకుంది.

గేటు దగ్గర వరుస కదులుతోంది. కింద రేవులో బస్సు నిలబడి ఉంది. దీనమ్మ అప్పటికే ఎక్కి కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది. సన్యాసిరావు మిషను ముందుకు వచ్చి, ఎటూ చూడకుండా పక్కకు చెయ్యి చాపాడు.

చేతిలో ఏమీ పడలేదు.

"కార్డేదీ?" అన్నాడు.

"నా దగ్గర లేదు."

"మరెక్కడ ఉంది?"

"బల్లమీద, మీరు పెట్టినచోటే. తీసుకోమని చెప్పాను."

"తెలిసీ తేలేదా! బుద్ధుందా నీకు? వెళ్ళి పట్టుకురా. గబగబా వెళ్ళు."

బస్సుకు ఇంకా ఏడు నిమిషాలున్నాయి. తొమ్మిదో అంతస్తుకు వెళ్ళి వచ్చేసరికి పదిహేను నిమిషాలు. ఇన్నేళ్ళ అలవాటు హైమావతి కాళ్ళను లిఫ్టువైపు తిప్పింది. రెండడుగులు వేసింది కూడా. మూడో అడుగు దగ్గర ఆమెకు పైడితల్లి గుర్తొచ్చింది. నలభై మంది పిల్లల మధ్య లేచి నిలబడి అడిగింది ఆ పిల్ల. ఈ వయసులో తను ఒక్క బస్సు కోసం నిలబడలేదా?

హైమావతి వెనక్కి తిరిగింది. తన కార్డు మిషనుకు ఆనించింది. మిషను టింగుమంది.

"ఏమే! నన్ను వదిలేసి వెళ్తావా?"

"నేను వదలడం లేదు. మీరు కార్డు వదిలారు. గది తలుపు తెరుచుకోకపోతే రిసెప్షన్‌లో అడగండి."

"మన గది నంబరెంత?" అని అరిచాడు సన్యాసిరావు.

మూడు రాత్రులుగా ఆ గదిలో పడుకుంటున్న మనిషి! హైమావతికి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

"తలుపు మీద రాసి ఉంటుంది" అంది, మెట్లు దిగిపోయింది.

బస్సు కొండమీద సగందాకా తీసుకెళ్ళింది. అక్కడినుంచి నడక. ఎర్రమన్ను, గరుకు రాళ్ళు, నిట్టనిలువు దారి. దారి మొదట్లో ఊతకర్రలు ఇస్తున్నారు. కర్ర అందుకున్నప్పుడు ఇంకొకరి సామాను ఏదీ తన చేతిలో లేదని హైమావతి గమనించింది. రొప్పుతూ, ఆగుతూ, దీనమ్మతో పోట్లాడుతూ పైకి చేరింది. కంచె పట్టుకుని లోపలికి తొంగి చూసింది.

మంట లేదు. లావా లేదు. పెద్ద బూడిదరంగు గుంట, రాళ్ళు, ఒక మూలనుంచి సన్నటి ఆవిరి.

"ఇంతేనా? దీనికా ఇంత దూరం వచ్చింది?" అంది దీనమ్మ.

"పైకి ఇంతే సిస్టరుగారూ. నిద్రపోతోంది, చల్లారలేదు" అంది హైమావతి. పైడితల్లి ఎక్కడున్నా, ఇప్పుడు ఆ పిల్లకు తను జవాబు చెప్పగలదు. ఆమె అక్కడ చాలాసేపు నిలబడింది. ఎవరూ చెయ్యి చాపలేదు.

మధ్యాహ్నం రెండున్నరకు ఓడ ఎక్కేసరికి సన్యాసిరావు భోజనాల హాల్లో, అదే కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ముఖం వాడిపోయింది.

"వచ్చావా తల్లీ! రిసెప్షన్‌లో పుట్టినరోజు అడిగారు. శ్రావణ పౌర్ణమికి పుట్టాను కదా, ఆగస్టు చెప్పాను. ఆ తేదీతో ఆ పేరు మనిషి ఓడలోనే లేడన్నారు! బళ్ళో ఏ తేదీ వేయించారో నాకేం తెలుసు? కాగితాలన్నీ నువ్వే కదా నింపుతావు. చివరికి ఫోటో చూసి పదింటికి తలుపు తీశారు. అప్పట్నుంచీ ఇక్కడే కూర్చున్నా. పొద్దుట్నుంచీ మెతుకు లేదు హైమా."

హైమావతి చుట్టూ చూసింది. నలభై రకాల వంటలు పొగలు కక్కుతున్నాయి. అయిదేళ్ళ పాప ఒకతి, నాలుక బయటపెట్టి, రెండు చేతులతో తన ప్లేటు జాగ్రత్తగా మోసుకుపోతోంది. మూడువేల మంది కడుపునిండా తింటున్న ఓడలో, బల్లకు పది అడుగుల దూరంలో, చేతులూ కాళ్ళూ శుభ్రంగా ఉన్న ఒక పెద్దమనిషి పస్తున్నాడు.

ఆమెకు కోపం రాలేదు. భయం వేసింది. ఇలా తయారుచేసినవాళ్ళలో తనూ ఉంది.

"ఆ పాప ప్లేటు ఎక్కడ తీసుకుందో చూశారా? అక్కడే ఉన్నాయి. వెళ్ళండి" అని, తన ప్లేటు తెచ్చుకోవడానికి వెళ్ళింది.

సన్యాసిరావు కాసేపు అలిగాడు. ఆకలి ముందు అలక ఎంతసేపు నిలుస్తుంది? పాప ప్లేటు తీసుకున్నచోటికే వెళ్ళి వరుసలో నిలబడ్డాడు. అన్నం పెట్టుకున్నాడు. పెరుగనుకుని, కేకులమీద వేసుకునే తియ్యటి మీగడ గిన్నెడు పోసుకున్నాడు. వచ్చి కలుపుకుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. హైమావతి తల తిప్పి సముద్రాన్ని చూసింది. ఆయన లేచి వెళ్ళి, ఈసారి పెరుగేదో రుచి చూసి మరీ తెచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఆయన కార్డు ఆయన మెళ్ళోనే, తాడు కట్టి వేలాడుతోంది.

నీతి ఏమిటంటే: చేతులున్నవాళ్ళకు నీ చేతులు అరువివ్వకు; వాళ్ళు నిండు బల్ల ముందు పస్తుంటారు, నువ్వు కొండ కిందే ఆగిపోతావు.