గవర్రాజు పెరట్లో చెర్రీ పొద

లంబసింగి కొండల దాపున ఒక ఊళ్ళో గవర్రాజు, పెళ్ళాం పోలమ్మ, తమ్ముడు సన్యాసి ఉండేవారు. ముగ్గురినీ కలిపి వెతికినా ఒక్క బుర్రకి సరిపడా తెలివి దొరకదు. అయినా "చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళం ఈ ఊళ్ళో మనమే" అని ఒకటే మిడిసిపాటు. ఆ మిడిసిపాటులోనే గవర్రాజు వియ్యంకుడితో, "బావగారూ, చెర్రీలు కొనుక్కుని తినడం ఏం గొప్ప? నా పెరట్లో పండించి మీ గుమ్మంలోకి తెస్తాను" అనేశాడు. వియ్యంకుడు నలుగురి ముందూ పకపకా నవ్వాడు. ఆ నవ్వు గవర్రాజుకి ముల్లులా గుచ్చుకుంది.

వెంటనే నర్సరీకి పోయి చెర్రీ పొద మొక్క తెచ్చాడు. నర్సరీ కామేశం చెప్పాడు: "ఇది ఎంత చలినైనా తట్టుకుంటుంది. నాటాక మాత్రం పసిబిడ్డలా చూసుకోండి."

అంతే. పోలమ్మ మొక్కకి నూనె రాసి, నలుగు పెట్టి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసింది. సాయంత్రానికి ఆకులు వేలాడిపోయాయి.

"నిద్రొచ్చింది పాపం" అన్నాడు సన్యాసి. ముగ్గురూ గుసగుసగా మాట్లాడుకున్నారు.

ఆకులన్నీ రాలిపోయాక గవర్రాజు నర్సరీకి పరిగెత్తాడు. కామేశం తల పట్టుకున్నాడు. "వేడినీళ్ళు మానండి. ఎండిన కొనలు కత్తిరించి, కొమ్మకి రెండేసి కళ్ళు ఉంచండి. ఆ కణుపుల్లోంచే చిగురేస్తుంది."

ఇంకేముంది. గవర్రాజు కొనలు కత్తిరించాడు. పోలమ్మ కాటుక తెచ్చి ప్రతి కొమ్మకీ రెండేసి కళ్ళు దిద్దింది.

"వదినా, అది నన్నే చూస్తోంది" అని సన్యాసి పెరట్లోకి వెళ్ళడమే మానేశాడు.

మొక్క మహా మొండిది. వీళ్ళ చేతుల్లో పడి కూడా బతికింది. చిగురేసింది, ఆ పై ఏడు తెల్లగా పూసింది కూడా. కానీ ఒక్క కాయా నిలవలేదు.

"ఒంటరిగా ఉంటే కాయదు. తోడుండాలి" అన్నాడు కామేశం.

అంతే. అన్న కేకలేసి తమ్ముణ్ణి పొద పక్కన పీటేసి కూర్చోబెట్టాడు. చలికి పళ్ళు టకటకలాడుతున్నా సన్యాసి దానికి ఊరి కబుర్లు చెబుతూనే ఉన్నాడు. చివరికి జ్వరం తగులుకుంది.

"చలిని తట్టుకునేది మొక్కే. తోడు తట్టుకుంటాడని ఆయన అనలేదు" అని నిట్టూర్చాడు గవర్రాజు.

సంగతి విన్న కామేశం పట్టలేక, తనే ఇంకో పొద తెచ్చి పక్కన నాటి పోయాడు. మరుసటి ఏడు రెండు పొదలూ ఎర్రగా విరగకాశాయి. గవర్రాజుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇక పాడు చేసుకోకూడదని, కోసేముందు కూడా అడిగొచ్చాడు.

"తొడిమతో సహా కొయ్యండి. తొడిమ ఊడితే పండు నిలవుండదు" అన్నాడు కామేశం.

గవర్రాజు పొద ముందు కూర్చుని ఆలోచించాడు. "పండు తొడిమకుంది. తొడిమ కొమ్మకుంది. కొమ్మ మొదలుకుంది. మొదలు వేళ్ళకుంది. తమ్ముడూ, గునపం తే."

రెండు పొదల్నీ వేళ్ళతో పెకలించి, ఆటో మీద కట్టి, వియ్యంకుడి గుమ్మంలో దించారు. వియ్యంకుడు ఒక పండు నోట్లో వేసుకున్నాడు. ఈసారి నవ్వలేదు.

"పండు బాగుంది బావగారూ. మరి వచ్చే ఏడు కాపు ఎలాగండీ?"

పెద్దమనిషికి ఈ మాత్రం తెలీదేమని గవర్రాజు జాలిపడ్డాడు.

"గుంతలు రెండూ పూడ్చకుండా ఉంచాం బావగారూ. రోజూ నీళ్ళు పోస్తాం. పిట్టలు తినెయ్యకుండా వల కూడా కప్పాం."